ప్యాచ్ వేసినా తెల్లారేసరికి గాలి పోతోంది, ఎందుకంటారు?

రోజూ పనికి సైకిల్ మీదే వెళ్తాను. ఈ నెలలో వెనక చక్రం మూడుసార్లు పంక్చరైంది. మూడుసార్లూ నేనే ట్యూబ్‌ని గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి మరీ ప్యాచ్ అంటించాను. బకెట్ నీళ్లలో ముంచితే ఒక్క బుడగా రాలేదు. అయినా తెల్లారేసరికి టైరు మెత్తబడుతోంది. టైరు లోపలంతా వేళ్లతో తడిమాను, ముల్లూ గాజుపెంకూ ఏమీ తగల్లేదు. చిల్లులు మూడూ ట్యూబ్ రిమ్ముకి ఆనే వైపే పడ్డాయి. అక్కడ రిమ్ టేపు (పుల్లల మొనలు ట్యూబ్‌కి గుచ్చుకోకుండా రిమ్ము మీద చుట్టే పట్టీ) కాస్త పక్కకి జరిగి, ఒక చక్రం పుల్ల (స్పోక్) మొన బయటికి కనిపిస్తోంది. దాని పనేనా? టేపు మారిస్తే చాలా, మొనని ఆకురాయితో అరగదీయాలా? వాల్వ్ దగ్గర సన్నగా గాలి పోతుంటే ఎలా కనిపెట్టాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, పొద్దున్నే పంపు కొట్టి బయల్దేరేసరికి ఆలస్యమైపోతోంది.