నీళ్లకే పట్టు ఎక్కువైతే నూనె ఎందుకు చిక్కగా ఉంది?

మలక్‌పేట అమ్మమ్మ:
మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం. నిన్న దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి పాఠం అప్పజెప్పింది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయట, నూనె అణువుల మధ్య ఉండేవి బలహీనమైన ఆకర్షణలేనట. మరి గరిటె వంచితే నీళ్లు గబుక్కున జారిపోతాయి, పల్లీ నూనె మాత్రం తీగలా సాగుతూ దిగుతుంది. పట్టున్నవి జారిపోవడం, పట్టులేనివి మొరాయించడం ఎక్కడి న్యాయం? అడిగితే "పరీక్షలో రాదులే అమ్మమ్మా" అంది. నాకు పరీక్షలు లేవు, మీరు చెప్పండి.

తార్నాక లెక్చరర్:
పాప చెప్పింది నిజమే అమ్మా, కాకపోతే సగమే. నీటి అణుభారం 18, నూనెది దాదాపు 880. నూనె అణువుకు మూడు పొడవాటి తోకలుంటాయి. తోకలో ఒక్కో చోట ఆకర్షణ స్వల్పమే, కానీ అలాంటి చోట్లు పదుల కొద్దీ ఉంటాయి. అంత పెద్ద శరీరం ఇరుగుపొరుగు తోకలను తప్పించుకుని జరగాలి. నీటి అణువు బుల్లిది. బంధం తెగినా సెకనులో లక్ష కోట్ల వంతు కాలంలోనే ఇంకొకరి చేయి పట్టుకుంటుంది. అందుకే జారిపోతుంది.
నీళ్ల పట్టు చూడాలంటే నూనె రాసిన చల్లటి పెనం మీద నాలుగు చుక్కలు చల్లండి, ముత్యాల్లా నిలుస్తాయి. నీటి తలతన్యత, అంటే పైపొరను బిగించి ఉంచే పట్టు, మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, వంటనూనెకు అందులో సగం కూడా ఉండదు. (వేడి పెనం మీద గంతులేసే చుక్క సంగతి వేరు, దాన్ని కింది ఆవిరి మోస్తుంది.)

మందుల దుకాణం, బోయిన్‌పల్లి:
మరి గ్లిజరిన్? అణుభారం 92, తోకలే లేవు. 20 డిగ్రీల దగ్గర నీటికన్నా దాదాపు 1400 రెట్లు చిక్కన. సీసా వంచి నిలబడటం నాకు రోజూ ఉన్న పనే.

తార్నాక లెక్చరర్:
బాగా పట్టుకున్నారు. గ్లిజరిన్ చిక్కదనం హైడ్రోజన్ బంధాల వల్లే. ఒక్కో అణువుకు మూడు చేతులు, మూడూ పొరుగువాళ్ల చేతుల్లో. ఒకటి విడిపించుకున్నా మిగతా రెండూ వదలవు. నీళ్లంత చురుగ్గా కదలడానికి ఒళ్లూ బరువే. కాస్త వెచ్చబెట్టి వంచండి, త్వరగా దిగుతుంది.

మలక్‌పేట అమ్మమ్మ:
సరే బాబూ, ఇంకొక్కటి. డిసెంబరులో స్నానాల గదిలో కొబ్బరినూనె గడ్డకడుతుంది, వంటింట్లో పల్లీ నూనె కట్టదు. రెండింటికీ తోకలేగా?

తార్నాక లెక్చరర్:
కొబ్బరినూనె తోకలు చాలావరకు తిన్ననివి, అగరొత్తుల కట్టలా దగ్గరగా సర్దుకుంటాయి. పల్లీ నూనె తోకలు ఎక్కువగా నడుమ వంగి ఉంటాయి. వంకర పుల్లలను కట్ట కట్టి చూడండి.