తమ్ముడి కాలేజీ ఉంగరం కరిగించాలా వద్దా?

నల్లకుంట అక్క:
మా తమ్ముడు అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివొచ్చాడు, వచ్చే నెల పెళ్లి. కుడిచేతికి ఎప్పుడూ అక్కడి క్లాస్ రింగే, స్నానానికి కూడా తీయడు. మా నానమ్మేమో అది 10 క్యారెట్లట, పెళ్లికొడుకు చేతికి కల్తీ బంగారమేంటి, కరిగించి ఇంకాస్త కలిపి 22 క్యారెట్లలో చేయిద్దాం అని పట్టుబట్టింది. వాడు "అది నగ కాదు నానమ్మా" అని ఊరుకుంటాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. అక్కడ చదివినవాళ్లు, బంగారం పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆవిడకి ఎలా నచ్చజెప్పాలి?

కొండాపూర్ ఆగీ:
అక్కా, దయచేసి కరిగించకండి. నేనూ అక్కడే చదివాను, అక్కడ చదివినవాళ్లని ఆగీలంటారు. డబ్బుంటే కొనుక్కునే ఉంగరం కాదది, డిగ్రీలో 90 క్రెడిట్లు పూర్తయితేనే ఆర్డర్ పెట్టనిస్తారు. 1889 నుంచి వస్తున్న ఆనవాయితీ. పైన డాలు బొమ్మ, 13 చారలు, 5 నక్షత్రాలు, ఆ నక్షత్రాల్లో ఒకటి నిజాయితీకి గుర్తు. చదువుతున్నన్నాళ్లూ దానిమీది మన బ్యాచ్ సంవత్సరం అంకెలు మనవైపు ఉండేలా పెట్టుకుంటాం, పట్టా వచ్చిన రోజే బయటికి తిప్పుతాం. ఆ తిప్పడం కోసం ఎన్ని రాత్రులు మేలుకుని చదివామో మాకే తెలుసు. మా అమ్మానాన్న గ్రాడ్యుయేషన్‌కి రాలేకపోయారు, శంషాబాద్‌లో దిగగానే నాన్న నా ఉంగరం తీయించి, లోపల చెక్కిన పేరు కళ్లద్దాలు పైకి జరుపుకుని మరీ చదివారు. ఇప్పటికీ ఏ ఎయిర్‌పోర్టులోనైనా ఆ ఉంగరం కనబడితే ముక్కూమొహం తెలియని మనిషితో కూడా ఆగి మాట్లాడతాను.

పాట్ మార్కెట్ కంసాలి:
లెక్క కూడా చూడండి అమ్మా. 10 క్యారెట్లంటే నూటికి 41.7 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి, జింకు లాంటివి. 10 గ్రాముల ఉంగరం కరిగించి శుద్ధి చేస్తే మేలిమి 4 గ్రాముల పైచిలుకు, 22 క్యారెట్లకి మారిస్తే నాలుగున్నర గ్రాములు, అందులోనూ తరుగు పోతుంది, మజూరీ మీరే కట్టాలి. దాన్ని కల్తీ అనడం కూడా సరికాదు. ఆ లోహాలు కలిపితేనే గట్టిపడుతుంది, అందుకే రోజూ పెట్టుకున్నా ఆ సన్నటి చెక్కుడు నిలుస్తుంది. 22 క్యారెట్లు మెత్తన, అంత సన్నపు పని తొందరగా అరిగిపోతుంది.

తార్నాక మాస్టారు:
ఉస్మానియాలో మాకీ ఉంగరాలు లేవు గానీ, కెనడాలో ఇంజినీర్లు 1925 నుంచి పనిచేసే చేతి చిటికెన వేలికి ఇనుప ఉంగరం పెట్టుకుంటున్నారు. ఇనుముకి తూకంలో ఏం విలువుంటుంది? అయినా దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. నానమ్మగారి ముచ్చటా కాదనకండి, ప్రధానపు ఉంగరం 22 క్యారెట్లలో ఎడమచేతికి చేయించండి.

నల్లకుంట అక్క:
అందరికీ థ్యాంక్స్. కంసాలి అన్న లెక్క చదివి వినిపించేసరికి నానమ్మ మెత్తబడింది, మాస్టారి మాటకి సరే అంది. అన్నా, పెళ్లికి ముందు పాత రింగుకి మెరుగు పెట్టించొచ్చా?

పాట్ మార్కెట్ కంసాలి:
మిషన్ పాలిష్ వద్దమ్మా, అక్షరాల అంచులు పోతాయి. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి చాలు.