డిందా, నిండా? గజేంద్రమోక్షం పద్యంలో ఒక్క అక్షరం

మద్దిలపాలెం: నా లాప్‌టాప్‌లో లినక్స్, విండోస్ రెండూ ఉన్నాయి. మాటిమాటికీ రీస్టార్ట్ చేసే బాధ తప్పుతుందని ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌కి ఆ విండోస్ ఉన్న డిస్క్ భాగాన్నే, అంటే పార్టిషన్‌నే, చూపించాను. మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా నా ఫైళ్లతో సహా అదే విండోస్ లినక్స్ లోపల లేచింది. చూస్తుంటే పోతన పద్యం ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’ నోటికొచ్చింది. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ‘ఎవ్వనియందు డిందు’ అనాలా, ‘నిండు’ అనాలా? మా ఇంట్లో నిండు అనే చదివేవారు.

సీతమ్మధార: డిందు. అనుమానం లేదమ్మా. డిందడమంటే అణగడం, లయించడం. జనించు, ఉండు, డిందు అని సృష్టి స్థితి లయలు వరుసగా వచ్చాయి. నిండు అంటే మూడోది పోతుంది.

గాజువాక: మాస్టారూ, అర్థం సరే, ఛందస్సు మాత్రం మీకు సాయం రాదు. ఉత్పలమాలలో అది ఆరో అక్షరం. డిం అయినా నిం అయినా గురువే. యతి పదో అక్షరం ‘మే’ దగ్గర, ప్రాస ‘వ్వ’ దగ్గర. రెండూ ఈ చోటుని ముట్టుకోవు. పైగా మొదటి పాదంలోనే లీనమై అన్నాక మళ్లీ లయం ఎందుకు?

సీతమ్మధార: ‘లీనమై ఉండు’ బాబూ, విడదీయకు. అది ఉన్నప్పటి సంగతి. డిందడం ఆ ఉండటం ముగిసిపోవడం. మూడో పాదంలో ‘అనాదిమధ్యలయుఁడు’ చూడు. మొదలు, నడుమ, చివర ఆయనకు లేవు, జగత్తుకు ఉన్నాయి. జగత్తుకున్న ఆ మూడూ ముందే చెప్పి ఉంటేనే ఆ మాటకు బలం. పోతన ఊరికే వేయడు.

మధురవాడ: నా పేచీ ‘లీనమై’ తోనే. సింహాచలం స్వామి చందనం లోపల ఉంటాడు గానీ చందనంలో కలిసిపోడు కదా. ఇక్కడా అంతే. వర్చువల్‌బాక్స్ తయారుచేసే ఆ చిన్న ఫైల్లో ఏ సెక్టార్లు ఏ పార్టిషన్‌వో రాసి ఉంటుంది, అసలు డేటా డిస్క్ మీద ఉన్నచోటే ఉంటుంది. మీరు ఎంచుకోని పార్టిషన్లు గెస్ట్‌కి, అంటే లోపల నడిచే విండోస్‌కి, ఉత్త సున్నాలు.

అక్కా, ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. విండోస్ లోపల నడుస్తుండగా అదే పార్టిషన్‌ని లినక్స్‌లో మౌంట్ చేయొద్దు, అంటే తెరవొద్దు. ఒకరి రాత ఒకరికి తెలియకుండా ఇద్దరూ రాస్తే ఫైల్‌సిస్టమ్ పాడైపోతుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా డిందదు, తన గుండెకాయ లాంటి కెర్నల్‌ని హైబర్‌నేషన్ ఫైల్లో దాచుకుంటుంది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. లోపల ఆ తాళంచెవిని కాపాడే టీపీఎమ్ చిప్ వేరుగా కనబడేసరికి అడుగుతుంది.

గాజువాక: ‘డిందదు’! ఈ రూపం ఈ రోజుల్లో ఒకరు రాయగా చూడటం ఎంత బాగుందో. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎవరైనా మాటల్లో విన్నారా? కావ్యాల్లో తప్ప నాకు తగల్లేదు.

భీమిలి: అందరూ ఆ ఒక్క పద్యం దగ్గరే ఆగారు. వెంటనే వచ్చే కందం చూడండి: ‘ఒకపరి జగముల వెలి నిడి / యొకపరి లోపలికిఁ గొనుచు’. మద్దిలపాలెం గారి లాప్‌టాప్‌కి సరిపోయేది ఇదే. అదే విండోస్ ఒకసారి బయట సొంతంగా బూట్ అవుతుంది, ఒకసారి లినక్స్ లోపల. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే ఏనుగు నోట ఇంత తేలిక మాటలు పెట్టాడు, దీర్ఘసమాసం ఒక్కటి లేకుండా! ఆ రెండు పాదాలు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు నాకు.

సీతమ్మధార: బాగా పట్టారు. లోపలికి కొనడమే డిందించుకోవడం. నా మాటకే సాక్ష్యం.

గాజువాక: అలా ఎలా అవుతుంది మాస్టారూ? లోపలికి తీసుకుంటే నిండుతుంది కూడా. అది అలా ఉంచండి, ఆ కందంలోనే ‘ఉభయముఁ దానై’ ఉంది. ఉభయం అంటే వెలీ లోపలా, లేక వెలినిడే పనీ లోపలికి కొనే పనీనా? ముందు అది చెప్పండి.