పాత తెలుగు పీడీఎఫ్‌లను స్క్రీన్ రీడర్ చదివేలా చేయడం ఎలా?

హైదరాబాద్‌లోని ఒక చిన్న పత్రిక వెబ్‌సైట్ బాధ్యత నేను చూస్తున్నాను. మా పాత సంచికలన్నీ యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షర సంకేతాల ప్రమాణం) కాని ‘అను’ అనే ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌లుగా పెట్టినవి కావడంతో, కంటికి చక్కని తెలుగుగా కనిపించే పుట, తెరపై పాఠాన్ని బిగ్గరగా చదివే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో వినే అంధ పాఠకులకు అర్థంలేని గుర్తుల వరుసగా మారిపోతోంది. డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న స్పష్టం చేసింది. తీర్పు మాట అటుంచినా, చందా కట్టిన పాఠకుడు తన పత్రికను మరొకరిచేత చదివించుకోవలసి రావడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫారాల్లోని గడులకు లేబుళ్లు ఇవ్వడం, అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్టు (వెలుగు తేడా) ఉండేలా చూడడం వంటివి పూర్తయ్యాయి. చిక్కంతా పాత సంచికలతోనే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారిస్తే కొన్నిచోట్ల వత్తులు చెదిరిపోతున్నాయి. రెండు కాలమ్‌ల పుటల్లో చదివే వరుస కూడా తప్పుతోంది. ఆ పాఠాన్నే దిద్దుకోవడం మేలా, లేక ఓసీఆర్‌తో (పుట బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే పద్ధతితో) మళ్లీ మొదలుపెట్టడం మేలా? పీడీఎఫ్‌లకు బదులు, భాష తెలుగు అని కోడ్‌లో సూచించిన హెచ్‌టీఎంఎల్ పుటలుగా పెడితే వినేవారికి సులువుగా ఉంటుందా? స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడే నగరవాసులెవరైనా, తగిన పారితోషికం స్వీకరించి, మా పుటలను పరీక్షించి చెప్పగలరా?