ఇంజన్ బోర్ చేయించాలా, వేరే ఇంజన్ వేయించాలా?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. బండి 2013 డిజైర్ డీజిల్, 2.9 లక్షల కిలోమీటర్లు తిరిగింది, అరగడం మామూలే. నీలం పొగ వస్తోంది, ఆయిల్ తెగ తాగుతోంది. రెండు సిలిండర్లలో కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) బాగా తక్కువ ఉంది.

బోర్ (అరిగిన సిలిండర్లను లోపల తొలిచి మళ్లీ సమం చేయడం), పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని అన్నీ కలిపి 80 వేలు అంటున్నారు మెకానిక్. సెకండ్ హ్యాండ్ ఇంజన్ అయితే 55 వేలకే వస్తుందట. కానీ దాని లోపల ఎంత అరిగిందో ఎవరు చూశారు? పైగా ఇంజన్ నంబరు మారితే ఆర్సీలో ఎక్కించడానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి, అదో టెన్షన్. మారుతి 2020లోనే డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి దొరికేవన్నీ పాతవే.

బాడీ, గేర్‌బాక్స్ బాగున్నాయి. ఆర్సీ 2028 దాకా ఉంది. బోర్ చేయించినవాళ్లు తర్వాత ఎంత దూరం నడిపారు? పాత ఇంజన్ కొనేముందు ఏమేం చూడాలి?