టబ్ తీసి షవర్: సొంత ఇంట్లో మనమే చేసుకుంటే సిటీ పర్మిట్ తీయాలా, అక్కర్లేదా?

మంజీర:
డాలస్‌కి ఉత్తరాన సొంత ఇల్లు, పోస్ట్ టెన్షన్ స్లాబ్ (లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన కాంక్రీటు పునాది). హాల్ బాత్రూంలో 60 × 30 అంగుళాల టబ్ తీసేసి అదే చోట షవర్ పెట్టాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు టబ్ అంచు దాటడం వాళ్లకి కష్టంగా ఉంది. పని మేమే చేసుకుందామని. పర్మిట్ తీసి ఇన్‌స్పెక్టర్‌ని పిలవాలా, లేక మన ఇల్లే కదా అని కానిచ్చేయొచ్చా? వాట్సాప్ గ్రూపులో సగం మంది ఒకటి, మిగతా సగం ఇంకొకటి చెబుతున్నారు.

గోదారిగట్టు:
తీయాలండీ. ముందు చట్టం సంగతి. టెక్సస్ ఆక్యుపేషన్స్ కోడ్ 1301.051 ప్రకారం హోమ్‌స్టెడ్‌లో, అంటే మీరు కాపురముంటున్న సొంత ఇంట్లో, ప్లంబింగ్ చేసుకోవడానికి మీకు లైసెన్సు అక్కర్లేదు. చాలామంది ఇంతవరకే విని ఆగిపోతారు. లైసెన్సు అక్కర్లేకపోవడం వేరు, పర్మిట్ అక్కర్లేకపోవడం వేరు. లైసెన్సు రాష్ట్రానిది, పర్మిట్ సిటీది. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఆ లైసెన్సు మినహాయింపు కూడా వర్తించదు. ఇది మనవాళ్లు తరచూ మర్చిపోతున్నారు.

ఏ పనికి పర్మిట్ అక్కర్లేదో రెసిడెన్షియల్ కోడ్ (ఐఆర్‌సీ) ఆర్105.2లోనే రాసి ఉంది. లీకు ఆపడం, అడ్డుపడింది తీయడం, పైపులూ వాల్వులూ కదపకుండా కమోడ్ తీసి మళ్లీ బిగించడం. కానీ గోడలోనో నేలలోనో దాగిన ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపే వంపు పైపు), డ్రెయిన్, వెంట్ (డ్రెయిన్‌కి గాలి అందించే పైపు) తీసి కొత్త సామాను వేస్తే అది కొత్త పని కిందికే వస్తుంది. టబ్ తీసి షవర్ పెడితే ట్రాపూ మారుతుంది, గోడలో వాల్వూ మారుతుంది. ఇక సందేహమేముంది?

ఓరుగల్లు:
కాగితం మీద అంతా కరెక్టే అన్నా. కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏం చూస్తాడు? పావుగంట నిలబడి ట్రాపూ నీళ్ల మట్టమూ చూసి పోతాడు. షవర్లు కారేది అక్కడ కాదు. లైనర్ (టైల్ కింద నీళ్లు దిగకుండా పరిచే షీటు) మూల మడత సరిగా లేక కారతాయి. డ్రెయిన్ చుట్టూ వీప్ హోల్స్‌ని (టైల్ కిందికి దిగిన నీళ్లు డ్రెయిన్‌లోకి పోయే చిన్న రంధ్రాల్ని) సిమెంటు మూసేస్తే నీళ్లు కిందే నిలిచి, కొన్నాళ్లకు షవర్ అంచు గట్టు ఉబ్బుతుంది. గట్టు పైన లైనర్‌లోకి మేకు కొడితే అక్కణ్నుంచి నీళ్లు చెక్కలోకి దిగుతాయి. స్టాంపు పడిందన్న ధీమాతో ఇవన్నీ వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ శ్రద్ధ పని మీద పెడితే పర్మిట్ లేకున్నా షవర్ నిలుస్తుంది.

ఇంకోటి. పర్మిట్ ఫైలు తెరిస్తే ఇల్లంతా స్మోక్ అలారంలు కొత్త ఇంటి లెక్కన పెట్టమంటారు. బాత్రూం పని కాస్తా అటకదాకా పోతుంది.

పెన్నా:
ఓరుగల్లు గారూ, అలారంల మాట సగమే నిజం. ఐఆర్‌సీ ఆర్314లో ప్లంబింగ్, మెకానికల్ పనులకు విడిగా మినహాయింపు ఉంది. ప్లంబింగ్ పర్మిట్ ఒక్కటే అయితే ఆ బాధ లేదు. గోడ జరపడం లాంటివి కలిపి బిల్డింగ్ పర్మిట్‌గా తీసుకుంటే అప్పుడు అడుగుతారు. దరఖాస్తులో పనిని ఉన్నంతే రాయండి: "ఉన్న చోటే టబ్ బదులు షవర్, ట్రాప్ మార్పు, వాల్వు మార్పు." అంతే.

మంజీర గారూ, పర్మిట్ గొడవకంటే ముందు మీ డ్రెయిన్ ఏ సైజుదో తెలియాలి. మొత్తం ఖర్చును తేల్చేది అదే.

స్లాబ్ ఇళ్లలో టబ్ డ్రెయిన్ కింద కాంక్రీటు పోయకుండా ఒక చదరపు అడుగు అటూ ఇటూగా ఖాళీ వదులుతారు, టబ్ బాక్స్ అంటారు. టబ్ లేపగానే మట్టి కనిపిస్తుంది. కొన్నిళ్లలో చెదలు రాకుండా పైన నల్లటి తారు పూత ఉంటుంది. చిన్న తాపీతో, చేత్తో తవ్వండి. పార పెట్టొద్దు, పీవీసీ పగులుతుంది. ట్రాప్ కనబడ్డాక అక్కడితో ఆగక, దాని వెనక వెళ్లే పైపు మీద అచ్చు వేసిన సైజు చదవండి. ట్రాప్ ఒకటిన్నర అంగుళాలదై, వెనక పైపు 2 అంగుళాలదైతే మీ పని సులువు: ట్రాప్ ఒక్కటి మారిస్తే చాలు. వెనకదీ ఒకటిన్నరే అయితే అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.

ఐఆర్‌సీ పట్టిక ప్రకారం షవర్‌హెడ్ల మొత్తం ప్రవాహం నిమిషానికి 5.7 గ్యాలన్లు దాటకపోతే ఒకటిన్నర అంగుళాల ట్రాప్ చెల్లుతుంది. ఒక్క షవర్‌హెడ్ 2.5 గ్యాలన్లకు మించకూడదని ఫెడరల్ నియమం, కాబట్టి ఒక్కటే పెడితే పట్టిక మీ పక్షమే. కానీ సిటీలు కోడ్‌ని సవరణలతో తీసుకుంటాయి, షవర్‌కి 2 అంగుళాలే కావాలనే చోట్లున్నాయి. హ్యూస్టన్ అయితే యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్ అనే వేరే కోడ్ బాట పట్టింది, అందులో 2 అంగుళాలు తప్పనిసరి. ట్రాప్ నుంచి వెంట్ దాకా ఉండదగ్గ దూరం కూడా కోడ్‌ని బట్టి మారుతుంది: 2 అంగుళాల పైపుకి ఐఆర్‌సీ 8 అడుగులు ఇస్తే, యూనిఫామ్ కోడ్ 5 అడుగులే ఇస్తుంది. యూట్యూబ్‌లో చూసింది ఏ కోడ్ ఊరిదో తెలియకుండా పైపు కోయొద్దు. సిటీ బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్స్‌కి ఫోన్ చేసి ఈ ఒక్క ప్రశ్న అడగండి. దానికి పర్మిట్ నంబరు కూడా అక్కర్లేదు.

గోదారిగట్టు:
పోస్ట్ టెన్షన్ గురించి ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు, నేను చెబుతాను. ఆ స్లాబ్‌లో అర అంగుళం ఉక్కు తీగలు ఒక్కోటి సుమారు 33 వేల పౌండ్ల బలంతో లాగి బిగించి ఉంటాయి. చాలా ఇళ్లలో గరాజ్ నేల మీద "కోయొద్దు, డ్రిల్ చేయొద్దు" అని ముద్ర కూడా ఉంటుంది. కటింగ్ రంపం తగిలి తీగ తెగితే కాంక్రీటు పగలగొట్టుకుని బయటికి రావచ్చు, మనిషికి తగలొచ్చు, ఫౌండేషన్ అక్కడ బలం కోల్పోతుంది. టబ్ బాక్స్ దాటి ఒక్క అంగుళం కోయాలన్నా ముందు జీపీఆర్ స్కాన్ (రాడార్‌తో కాంక్రీటు లోపల చూడటం) చేయించి తీగల దారి నేల మీద గీయించాలి. ఇక్కడి నల్లరేగడి లాంటి బంకమట్టి తడికి ఉబ్బి ఎండకి కుంగుతుంది, ఆ తీగలు వేసిందే దానికోసం.

ఓరుగల్లు:
స్లాబ్ కోసే పనైతే నేనూ పర్మిట్ అనే అంటాను, అందులో వాదన లేదు. కోయకుండా తప్పించుకునే దారి కూడా ఉంది. నడిమధ్యన డ్రెయిన్ ఉన్న బేస్ (షవర్ కింద పరిచే రెడీమేడ్ అడుగుభాగం) కొనకండి. ఎడమవైపో కుడివైపో డ్రెయిన్ ఉన్న 60 × 30 లేదా 60 × 32 అక్రిలిక్ బేస్‌లు దొరుకుతాయి. టబ్ డ్రెయిన్ ఉన్న వైపే ఎంచుకుంటే చాలావరకు ఉన్న బాక్సులోనే పని ముగుస్తుంది. లైనరూ వీప్ హోల్స్ గొడవ కూడా ఉండదు. నా వాదన ఇక్కడే: బాక్సులో ట్రాప్ మార్చి, అదే గోడలో వాల్వు మార్చే పనికి ఇన్‌స్పెక్టర్‌తో రెండు సార్లు అపాయింట్‌మెంట్ ఎందుకు?

గోదారిగట్టు:
ఇల్లు అమ్మే రోజుకోసం. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 5.008 కింద అమ్మేవాళ్లు నింపే ఫారంలో, అవసరమైన పర్మిట్లు లేకుండా చేసిన మార్పులు గానీ కోడ్‌కి విరుద్ధంగా చేసినవి గానీ మీకు తెలిసి ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. ఉన్నాయని రాస్తే కొనేవాళ్లు బేరం తగ్గిస్తారు. లేవని రాస్తే అది అబద్ధం, దాని పర్యవసానం మీ మీదే. టైల్ వేశాక పర్మిట్ అడిగితే గోడ విప్పి చూపించమనే హక్కు సిటీకి ఉంటుంది.

ఇంకో మాట. ప్లంబింగ్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా రాష్ట్ర ప్లంబింగ్ బోర్డు లైసెన్సు ఉండాలి. ఎవరో గుమాస్తా రాడు, పని తెలిసిన మనిషి వస్తాడు. మొదటిసారి పైపు అతికేవాళ్లకి ఆ కళ్లు ఒకసారి పడటం లాభమే.

మంజీర:
చూశాను. వెనక పైపు 2 అంగుళాలు, ట్రాప్ ఒకటిన్నర. పర్మిట్ తీసుకుంటాం. రఫ్-ఇన్ (పైపులు మూసేముందు జరిగే తనిఖీ) రోజుకి ఏమేం సిద్ధంగా ఉండాలి? ఎక్కడ ఫెయిల్ అవుతారు?

పెన్నా:
సంతోషం, స్లాబ్ జోలికి పోనక్కర్లేదు.

డ్రెయిన్ వైపు: ట్రాప్ వెనక పైపుకి అడుక్కి పావు అంగుళం వాలు. ట్రాప్ నుంచి వెంట్ దాకా మొత్తం పల్లం పైపు వ్యాసాన్ని, అంటే 2 అంగుళాల్ని, మించకూడదు. మించితే ట్రాప్‌లో నీళ్లు లాగేసి వాసన వస్తుంది. షవర్ డ్రెయిన్ నుంచి ట్రాప్ నీటిమట్టం వరకు నిలువు దూరం 24 అంగుళాల లోపు. అతుకుల్లో గమ్ముకి ముందు ఊదారంగు ప్రైమర్ వాడండి. రంగులేనిది వేస్తే ఇన్‌స్పెక్టర్‌కి కనిపించదు, ఫెయిల్ చేయొచ్చు. గమ్ము రాశాక పావు తిప్పు తిప్పి ముప్పై సెకన్లు పట్టుకోవాలి, లేకపోతే ఫిట్టింగ్ వెనక్కి జరుగుతుంది. ఎండాకాలం గమ్ము త్వరగా ఆరిపోతుంది, ఒక్కో అతుకే చేయండి. లీకు పరీక్ష నీళ్లతోనే. పీవీసీలో గాలి ఎక్కించొద్దు, పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఎంత ఎత్తు నీళ్లు నిలపాలో, ఎంతసేపో మీ సిటీనే అడగండి. ఐఆర్‌సీలో సమయం 15 నిమిషాలు. తనిఖీ అయ్యేదాకా మట్టి కప్పొద్దు.

గోడ వైపు: వేడి నీళ్లు 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా ఆపే ప్రెషర్ బ్యాలెన్స్ వాల్వు. పాత వాల్వు కింద టబ్ స్పౌట్‌కి (టబ్‌లోకి నీళ్లు పోసే కొళాయికి) దిగే ముక్కని వాల్వు దగ్గరే మూసేయాలి. కొందరు కొళాయి తీసి గోడలో ఆ పైపును అలాగే వదిలేస్తారు. స్టడ్ (గోడలోని నిలువు చెక్క) అంచుకి ఒకటింపావు అంగుళం లోపు పైపు వెళ్లే ప్రతిచోటా ఉక్కు నెయిల్ ప్లేటు (మేకు పైపులోకి దిగకుండా ఆపే రేకు). పెక్స్ (వంగే ప్లాస్టిక్ నీళ్ల పైపు) వాడితే అతుకు దగ్గర ప్రతి బిగింపు రింగునీ కొలిచే గేజ్‌తో చూసి, ఆ గేజ్‌ని ఇన్‌స్పెక్టర్ చేతికందేలా పెట్టండి. షవర్‌హెడ్ మోచేయిని అడ్డచెక్కకి స్క్రూలతో బిగించండి, వేలాడకూడదు.

వచ్చినవారితో వాదించొద్దు. ఫెయిల్ అంటే కోడ్ సెక్షన్ నంబరు రాసివ్వమనండి, మర్యాదగా. సెక్షన్ తెలిస్తే సరిచేయడం సులువు, మీదే సరైతే మాట్లాడటమూ సులువు.

ఓరుగల్లు:
ఒకటి కలుపుతున్నా. పర్మిట్ తీశాక 180 రోజుల్లో పని మొదలుపెట్టకపోయినా, మధ్యలో అన్ని రోజులు వదిలేసినా అది చెల్లదు. అమ్మానాన్నల టికెట్ తేదీ చూసుకుని దరఖాస్తు పెట్టండి. బేసు బదులు టైల్ వేస్తే మాత్రం ప్యాన్‌ని (లైనర్ పరిచిన షవర్ అడుగుని) నీళ్లతో గట్టు దగ్గర 2 అంగుళాల లోతు వచ్చేలా నింపి 15 నిమిషాలు చూడాలని కోడ్. నా సలహా, రాత్రంతా ఉంచండి. డ్రెయిన్‌లో టెస్ట్ ప్లగ్ (పరీక్షకోసం డ్రెయిన్ మూసే గాలి బిరడా) ముందు కాస్త గాలి వదలొచ్చు, మట్టం తగ్గితే లైనరే కారిందని వెంటనే అనుకోకుండా ప్లగ్ మళ్లీ బిగించి చూడండి.