జూన్ మొదటి వారం, ఫ్లోట్ ప్లేన్ (నీటిమీద దిగే విమానం) లాడ్జ్‌లో వాలై (walleye) చేపల వేట: గైడ్‌ని ఏ రోజులకు పెట్టుకోవాలి?

రాళ్లగట్టు (ప్రశ్న)

కెనడాలోని వాయవ్య ఒంటారియోలో రోడ్డు లేని సరస్సు, ఒడ్డున ఒకే ఒక్క లాడ్జ్. నలుగురం, ఐదు రోజులు, జూన్ మొదటి వారం. గైడ్ రెండు రోజులకే దొరికాడు. మిగతా మూడు రోజులు పడవలు మేమే నడుపుకోవాలి. గైడ్‌ని మొదట పెట్టుకోవాలా, చివర్లోనా? విమానంలో సామాను బరువుకి పరిమితి ఉంది కాబట్టి టాకిల్‌లో (వేట సామానులో) ఏది తప్పనిసరి? ఇంకొకటి. జిగ్ (బరువైన తల ఉన్న గాలం) అడుగున ఆడిస్తుంటే టిక్‌మని తగులుతుంది, లాగితే ఖాళీ. తగలనప్పుడేమో రాళ్లలో ఇరుక్కుంటుంది. తప్పు ఎక్కడుంది?

చిత్తడినీరు

గైడ్‌ని మొదటి రెండు రోజులకే పెట్టుకోండి. చివర్లో పెట్టుకుంటే అతను చూపించిన చోట్లకి మళ్లీ వెళ్లే రోజు మిగలదు. ఆ రెండు రోజులూ ఎన్ని చేపలు పడ్డాయన్నది లెక్కలోకి తీసుకోకండి. చేప దొరికిన ప్రతిచోటా మూడు విషయాలు రాసుకోండి: లోతు, నీటి ఉష్ణోగ్రత, గాలి ఎటు నుంచి వీస్తోంది. నీళ్లకింద దాగి ప్రొపెల్లర్‌ని కొట్టే రాళ్లు ఎక్కడున్నాయో కూడా అతనితోనే జీపీఎస్‌లో గుర్తు పెట్టించుకోండి. విడి ప్రొపెల్లర్ కోసం మళ్లీ విమానం రావాల్సిన చోటు అది.

జూన్ మొదట్లో వాలై ఎక్కడుంటుందో తెలియాలంటే అది గుడ్లు ఎక్కడ పెట్టిందో తెలియాలి. మంచు కరిగాక నీరు 6 నుంచి 9 డిగ్రీల సెల్సియస్‌కి చేరినప్పుడు, ఏరు వచ్చి కలిసే చోటో, ర్యాపిడ్స్ (రాళ్ల మీద వేగంగా పారే నీరు) కిందో, గులకరాళ్ల మీదో పెడుతుంది. ఆ పని అయ్యాక పెద్ద ఆడచేపలు పక్కకి జరుగుతాయి. చిన్న మగచేపలు మాత్రం ఇంకొన్నాళ్లు ప్రవాహం దగ్గరే ఉంటాయి. కాబట్టి మొదటి ఉదయం ఏటి ముఖద్వారంలో 5 నుంచి 12 అడుగుల లోతులో మొదలుపెట్టండి. అక్కడ లేకపోతే దానికి దగ్గరి మొనలు, నల్లటి అడుగున్న లోతు తక్కువ మలుపులు చూడండి, ముందుగా వేడెక్కేవి అవే. జులైలో 15 నుంచి 25 అడుగుల రీఫ్‌ల (నీటిలో మునిగిన రాతిదిబ్బల) మాట వేరు, ఇప్పుడే అక్కడికి పరుగెత్తొద్దు.

వాలై కంట్లో వెలుతురుని వెనక్కి తిప్పే పొర ఉంటుంది, మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది. అందుకే గాలి కొట్టి అలలు రేగుతున్న ఒడ్డు మంచిది, ప్రశాంతంగా ఎండ కాస్తున్న ఒడ్డు కాదు. ఆ ప్రాంతంలో చాలా సరస్సుల నీరు తేనీరు రంగులో ఉంటుంది. అలాంటి చోట పట్టపగలు కూడా తక్కువ లోతులోనే తింటుంది.

జిగ్‌పెట్టె

మీ మూడో ప్రశ్నకి వస్తాను, అసలు చిక్కు అక్కడే ఉంది. వాలై ఎరని కొరకదు, నోరు తెరిచి నీటితో పాటు లోపలికి పీల్చుకుంటుంది. లైన్ బిగుతుగా ఉంటే జిగ్ లోపలికి పోదు. మీకు తెలిసిన టిక్ అదే, అప్పటికే దాన్ని ఉమ్మేస్తోంది. టిక్ తగలగానే రాడ్ కొనని ఒక అడుగు దించండి, ఒక క్షణం ఆగి అప్పుడు పైకి లాగండి. చాలా తగులుళ్లు జిగ్ కిందికి పడుతున్నప్పుడే వస్తాయి కాబట్టి లైన్ పూర్తిగా వదిలేయకుండా కొనతో దాని వెంటే దిగాలి. టిక్ ఏమీ లేకుండా, జిగ్‌కి తడిగుడ్డ తగులుకున్నంత బరువు అనిపించినా అదీ చేపే.

ఇరుక్కోవడానికి కారణం సాధారణంగా జిగ్‌ని అడుగున ఈడ్చడం. అడుగు తగలగానే అరడుగు పైకి ఎత్తి అక్కడే ఆడించండి, పడవ కదిలే కొద్దీ మళ్లీ తాకి చూసుకోండి. 10 అడుగులకి 1/8 ఔన్సు, 20 అడుగులకి 1/4 అన్నది మొదలుపెట్టే లెక్క. గాలి ఎక్కువై లైన్ 45 డిగ్రీలకన్నా వాలిపోతే ఒక మెట్టు బరువు పెంచండి, లేదా మోటార్‌తో వెనక్కి నడుస్తూ పడవ వేగం తగ్గించండి. నేను రెండోదే ముందు చేయమంటాను, బరువైన జిగ్ రాళ్ల మధ్యకి ఇంకా త్వరగా దూరుతుంది.

మనిషికి సామాను: 6 అడుగుల 6 అంగుళాల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్లు రెండు, ఒకటి విరిగితే ఇంకొకటి. 2500 సైజు రీల్. 10 పౌన్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని చివర కట్టడానికి మూడడుగుల 8 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడర్. పైక్ చేపలు కొరికి తెంపుకుపోయే నష్టం కలుపుకుని 1/8, 1/4 జిగ్ హెడ్లు ముప్పై. 3 అంగుళాల ప్లాస్టిక్ మిన్నోలు (ఎరగా వాడే చిన్న చేపల బొమ్మలు) నాలుగు ప్యాకెట్లు. నిజమైన మిన్నోలు, జలగలు బయటనుంచి ఒంటారియోలోకి తేవడం నిషిద్ధం, లాడ్జ్ దగ్గరే కొనండి. దోమల మందులోని డీట్ మెత్తటి ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, చేతివేళ్లకి పూసుకుని ఎర ముట్టొద్దు. జూన్‌లో నల్ల ఈగలు గట్టిగా ఉంటాయి, తలవల మర్చిపోవద్దు.

రాళ్లగట్టు

లైన్ బిగుతు సంగతి నిజమే, దించడం ఎప్పుడూ చేయలేదు. ఇక నియమాలు. రోజుకి నాలుగు చేపలంటే ఐదు రోజులకి ఇరవై ఉంచుకోవచ్చా?

నిలువుదారం

లేదండి, చాలామంది పొరబడేది ఇక్కడే. ఒంటారియోలో స్పోర్ట్ లైసెన్సుకి నాలుగు, కన్జర్వేషన్ లైసెన్సుకి రెండు. రోజుకి పట్టుకునే హద్దూ, మీ దగ్గర మొత్తం ఉండగలిగే హద్దూ ఒకటే. ఫ్రిజ్‌లో నాలుగుంటే ఇక ఉంచుకోవడానికి లేదు. ఒడ్డున వండుకుని తిన్నవి కూడా ఆ రోజు లెక్కలోవే. ఆ ప్రాంతంలో చాలా చోట్ల 46 సెంటీమీటర్లు దాటినది ఒక్కటే ఉంచుకోవచ్చు. లాక్ స్యూల్ లాంటి కొన్ని సరస్సులకి విడిగా నియమాలున్నాయి కాబట్టి మీ సరస్సు పేరుతో ఆ సంవత్సరపు రెగ్యులేషన్స్ చూడండి. ఇంటికి ఎక్కువ తెచ్చుకునే ఉద్దేశం లేకపోతే కన్జర్వేషన్ లైసెన్సే తీసుకోండి, వదిలేసే చేపలకి రెండింటిలోనూ తేడా లేదు.

వదిలేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. వాలై గాలితిత్తికి గొంతులోకి దారి ఉండదు. 30 అడుగులకి మించిన లోతు నుంచి లాగితే లోపలి గాలి ఉబ్బి, పొట్ట నోట్లోకి తోసుకొస్తుంది, వదిలినా మునగలేదు. అంత లోతులో తగులుతుంటే హద్దు నిండేవరకే పట్టి, ఆ చోటు వదిలి తక్కువ లోతుకి వెళ్లిపోవాలి. సూదితో గుచ్చి గాలి తీయబోతే అవయవాలు చీలే ప్రమాదం ఉంది, అది వద్దు.

మీరే పడవ నడిపే రోజుల్లో ఆపరేటర్ కార్డు (మోటార్ పడవ నడిపే అర్హత పత్రం) లేకపోతే, లాడ్జ్ వాళ్లతో కూర్చుని అద్దె పడవ సేఫ్టీ చెక్‌లిస్ట్ నింపి సంతకం చేసి, ఆ కాగితం పడవలో ఉంచుకోండి. మనిషికొక లైఫ్‌జాకెట్ చట్టం. నీరు 10 డిగ్రీల చుట్టూ ఉండే కాలం, కాబట్టి పడవ అడుగున పడేయకుండా ఒంటిమీదే ఉంచుకోండి.

చిత్తడినీరు

ఫిల్లెట్ చేసేటప్పుడు ఒక మాట. ఏ జాతో గుర్తుపట్టేలా చర్మం తీసేయకుండా ముక్కకే ఉంచాలి, ఎన్ని చేపలో లెక్కపెట్టేలా విడివిడిగా, పరిచినట్టు ఫ్రీజ్ చేయాలి. అన్నీ కలిపి ముద్దగా గడ్డకట్టిస్తే తనిఖీలో చూపించలేరు. వాలైకి పైక్‌లాగా వై ఆకారపు ముళ్లు ఉండవు, పక్క గీత వెంట సన్న ముళ్ల వరస ఒకటే. దాన్ని రెండు కోతలతో తీసేయొచ్చు. బుగ్గల్లో చిన్న మాంసం ముద్దలుంటాయి, గైడ్‌ని అడిగి తీయించుకోండి.